పాదిరీ పేరు ముందు ‘సర్’ ఎలా వచ్చింది? రెవరెండ్ సర్ జాన్ పేజ్ వుడ్, ఆయన ఇంటి కథ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఐర్లాండ్ నాయకుడు పార్నెల్ గురించి ఒక వ్యాసం తెలుగులోకి మారుస్తున్నారు. ఆయన పెళ్లాడిన కాథరిన్ ఓషే తండ్రి పేరు అందులో ‘రెవరెండ్ సర్ జాన్ పేజ్ వుడ్, బారోనెట్’ అని ఉంది. పాదిరీకి ‘సర్’ ఎవరిచ్చారు, మతసేవకు మెచ్చి రాజుగారిచ్చారా? పాదిరీ అయితే పదముగ్గురు పిల్లలేమిటి? అంత బిరుదున్న ఇంటి పిల్ల పెద్దమ్మ డబ్బు మీద ఎందుకు బతికింది? ఇవీ మీ అనుమానాలు.

ముందు సూటిగా జవాబు. ఆ ‘సర్’ ఆయన సంపాదించుకున్నది కాదు, తండ్రి నుంచి వచ్చింది. ‘రెవరెండ్’ ఒక్కటే ఆయన సొంతం. బారోనెట్ అనేది తండ్రి పోయాక పెద్దకొడుక్కి పొలం వచ్చినట్టు వచ్చే బిరుదు. పొలంలా అన్నాను గానీ, దాని వెంట సెంటు భూమి కూడా రానక్కర్లేదు. మీ చివరి అనుమానానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

నా సంగతి రెండు ముక్కలు చెప్పి ముందుకెళతాను. మాది గుంటూరు. ఇంగ్లండ్‌లో ఎసెక్స్‌కి వచ్చి చాలా ఏళ్లయింది. ఇక్కడ పాత రికార్డుల మధ్య పనిచేశాను. ఇప్పుడు రిటైరయ్యి, కుటుంబ చరిత్రలు వెతుక్కునేవాళ్లకి చర్చి రిజిస్టర్లు చదివిపెడుతుంటాను. వుడ్ కుటుంబం మా జిల్లాలోనే కాపురమున్న కుటుంబం కాబట్టి వాళ్ల పేర్లు నాకు పక్కింటివాళ్ల పేర్లలా అలవాటు. మా ఊళ్లో చిన్నప్పుడు పాస్టరుగారిని అయ్యగారనేవాళ్లం, తెల్లవాణ్ణి దొరగారనేవాళ్లం. ఈ సర్ జాన్ ఒక్కడే అయ్యగారూ, దొరగారూ కూడా.

నైట్ వేరు, బారోనెట్ వేరు. తికమకంతా ఇక్కడే. ఇద్దరి పేరు ముందూ ‘సర్’ ఉంటుంది. నైట్ బిరుదు ఆ మనిషితోనే పోతుంది, కొడుక్కి రాదు. బారోనెట్ బిరుదు వంశంలో మగబిడ్డ ఉన్నంతకాలం నడుస్తుంది. పైగా ఇంగ్లండ్ చర్చి పాదిరీలకు ఒక ఆనవాయితీ ఉంది. వాళ్లకి నైట్ స్థాయి గౌరవం ఇచ్చినా, మోకరిల్లబెట్టి భుజం మీద కత్తి ఆనించే తంతు జరపరు. క్రీస్తు సేవకుడికి కత్తితో పనేమిటన్నది వాళ్ల పాత లెక్క. ఆ తంతు లేదు కాబట్టి ‘సర్’ అనీ పిలవరు. అందుకని ఇంగ్లండ్ చర్చి పాదిరీ పేరు ముందు ‘సర్’ కనిపిస్తే వెతకాల్సినవి రెండే: వంశపారంపర్యంగా వచ్చిన బారోనెట్ అయినా అయ్యుండాలి, పాదిరీ కాకముందే నైట్ అయినా అయ్యుండాలి. నూటికి తొంభై సార్లు మొదటిదే అవుతుంది.

అసలు ఈ బారోనెట్ వ్యవహారం పుట్టిందే డబ్బు కోసం. 1611లో ఒకటో జేమ్స్ రాజు దీన్ని మొదలుపెట్టాడు. ధర 1,095 పౌండ్లు. ఐర్లాండ్‌లో 30 మంది సిపాయిలను మూడేళ్లు పోషించడానికయ్యే ఖర్చని లెక్కగట్టి పెట్టిన ధర అది. ఐర్లాండ్ పేరు చెప్పి అమ్మిన బిరుదు ఉన్న ఇంట్లో, దాదాపు రెండు వందల ఎనభై ఏళ్ల తర్వాత ఒక ఆడపిల్ల వల్ల ఐర్లాండ్ రాజకీయమే తలకిందులైంది. మీ వ్యాసంలో ఇది పనికొస్తే వాడుకోండి.

అయితే వుడ్ కుటుంబం బిరుదు కొనుక్కోలేదు. అది వచ్చిన దారి ఇంకా తమాషాగా ఉంటుంది.

జాన్ తండ్రి మాథ్యూ వుడ్. 1768లో డెవన్‌లోని టివర్టన్‌లో పుట్టాడు. మందుల దుకాణంలో పని నేర్చుకుని, లండన్ వచ్చి, బీరులో వేసే హాప్స్ పువ్వుల వ్యాపారంలో గట్టిగా నిలదొక్కుకున్నాడు. 1815 నుంచి 1817 దాకా వరసగా రెండుసార్లు లండన్ లార్డ్ మేయర్. 1817 నుంచి 1843లో చనిపోయేదాకా లండన్ సిటీకి ఎంపీ. ఈయనకు రాజకుటుంబంలో ఎవరికీ అక్కర్లేని మనుషులను చేరదీసే గుణం ఉండేది. అందులో ఎంత మంచితనం, ఎంత లెక్క అన్నది మీరే తేల్చుకోండి.

మొదటి మనిషి రాజుగారి కొడుకు కెంట్ డ్యూక్. అప్పుల్లో మునిగి జర్మనీలో తలదాచుకున్నాడు. భార్య నిండు గర్భిణి. పుట్టబోయే బిడ్డ ఎప్పటికైనా సింహాసనం ఎక్కొచ్చు కాబట్టి కాన్పు ఇంగ్లండ్ గడ్డ మీద జరగాలని ఆయన పట్టుదల, చేతిలో ప్రయాణం ఖర్చులకే డబ్బు లేదు. ఆ సమయంలో అండగా నిలిచినవాళ్లలో మాథ్యూ వుడ్ ఒకడు. 1819 మే 24న లండన్‌లో పుట్టిన ఆ బిడ్డే విక్టోరియా. ఆవిడ గద్దెనెక్కిన 1837లోనే మాథ్యూ వుడ్‌కు బారోనెట్ బిరుదు దక్కింది. పద్దెనిమిదేళ్ల నాటి సాయానికి కూతురు తీర్చిన బాకీ అని అప్పట్నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు.

రెండో మనిషి కారొలైన్ రాణి. మన పాదిరీ కథలోకి దిగేది ఇక్కడే.

నాలుగో జార్జ్ 1820 జనవరిలో రాజయ్యాడు. భార్య కారొలైన్‌తో ఎన్నో ఏళ్లుగా మాటల్లేవు, ఆవిడ విదేశాల్లో ఉంటోంది. గద్దెనెక్కగానే ఆయన చేయించిన పనుల్లో ఒకటి, దేశంలోని చర్చిల్లో రాజకుటుంబం కోసం చేసే ప్రార్థనలోంచి ఆవిడ పేరు కొట్టేయించడం. మన దగ్గర గోత్రనామాలు చదివేటప్పుడు ఇంటి ఇల్లాలి పేరు వదిలేసినట్టనుకోండి, అదీ రాజు ఉత్తర్వు మీద. జూన్‌లో ఆవిడ తన హక్కు కోసం లండన్ బయల్దేరింది. మాథ్యూ వుడ్ ఫ్రాన్స్ దాకా ఎదురెళ్లి, తన పక్కనే బండిలో కూర్చోబెట్టుకుని ఊళ్లోకి తీసుకొచ్చాడు. దారి పొడవునా జనం జేజేలు. ఆవిడ మొదట దిగింది సౌత్ ఆడ్లీ వీధిలోని ఈయన ఇంట్లోనే.

జాన్‌కి అప్పుడు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్లు. 1796లో పుట్టాడు, కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీ చదువు. ఆ కొత్త పాదిరీని రాణి తన చాప్లిన్‌గానూ, ప్రైవేట్ సెక్రటరీగానూ పెట్టుకుంది. ఒక్కసారి ఆలోచించండి: ఏ చర్చిలోనూ పేరెత్తకూడని ఆవిడకు ఇంటి పాదిరీ ఈయన. ఆ ఏడాదే ఆవిడ రాణి హోదా తీసేసి విడాకులిప్పించేందుకు ప్రభుత్వం లార్డ్స్ సభలో బిల్లు పెట్టి, ఆవిడ నడవడి మీద నెలల తరబడి సాక్షులను పిలిచింది. నవంబర్ 10న ఆ బిల్లు వదులుకోవలసివచ్చింది. మరుసటి ఏడాది జులై 19న పట్టాభిషేకం రోజు ఆవిణ్ణి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ తలుపు దగ్గరే ఆపేశారు. ఆగస్టు 7న చనిపోయింది. శవయాత్రను ఊళ్లోంచి పోనివ్వకుండా మళ్లించబోతే జనం ఎదురుతిరిగారు, సిపాయిల కాల్పుల్లో ఇద్దరు పోయారు.

ఇంత జరిగాక టోరీ ప్రభుత్వం చేతుల్లోంచి ఆ కుర్ర పాదిరీకి పెద్ద పదవి వస్తుందని ఎవరూ అనుకోరు. ఆయన బిషప్ కాలేదు, డీన్ (పెద్ద చర్చికి అధిపతి) కూడా కాలేదు. దానికి కారొలైన్ సంగతే కారణమని కాగితం చూపించి నిరూపించలేం గానీ, నా మనసుకైతే అందులో పెద్ద అనుమానం లేదు.

మరి ఆయనకు వచ్చిన చర్చిలేవి? రెండు. 1824లో లండన్ సిటీలో కార్న్‌హిల్ మీదున్న సెయింట్ పీటర్ చర్చికి రెక్టర్ అయ్యాడు. 1833లో ఎసెక్స్‌లోని క్రెస్సింగ్ అనే పల్లెకు వికార్. 1866లో చనిపోయేదాకా రెండూ ఆయనవే.

రెక్టర్, వికార్ తేడా మీ అనువాదానికి కావాలి కాబట్టి చెబుతాను. ఊరి పంటలో దశమభాగం చర్చికి చెందేది. అందులో ధాన్యం లాంటి పెద్ద భాగంతో సహా మొత్తం అనుభవించేవాడు రెక్టర్. పెద్ద భాగం వేరేవాళ్ల చేతుల్లోకి పోయి, చిన్న భాగం మాత్రమే దక్కేవాడు వికార్. జీతానికి కుదిరి పని చేసిపెట్టేవాడు క్యూరేట్. పాదిరీ అనుభవించే చర్చి భూమిని ‘గుడి మాన్యం’ అనండి, తెలుగు పాఠకుడికి వెంటనే అందుతుంది. 1836 చట్టంతో ధాన్యం బదులు డబ్బు కట్టడం మొదలైంది.

ఇంకో విషయం. పాదిరీని ఎవరు నియమించాలన్నది ఒక్కో చర్చికి ఒక్కో రకం. అప్పట్లో ఆ హక్కు ఆస్తి లాంటిది, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు. కార్న్‌హిల్ చర్చికి ఆ హక్కు లండన్ సిటీ కార్పొరేషన్‌ది. ఆ కార్పొరేషన్‌లో మాథ్యూ వుడ్ ఆల్డర్‌మన్ (సీనియర్ కౌన్సిలర్), మాజీ లార్డ్ మేయర్. కొడుక్కి ఆ చర్చి ఎలా దక్కిందో వేరే వివరించక్కర్లేదు కదా. రాజుగారి వైపు తలుపు మూసుకుంటే నాన్నగారి వైపు తలుపు తెరుచుకుంది.

రెండు చర్చిల మధ్య దాదాపు 45 మైళ్లు. ఇలా రెండు చోట్ల పదవి ఉంచుకోవడం అప్పట్లో మామూలే. 1838లో దీనికి పగ్గాలు వేస్తూ చట్టం తెచ్చారు, రెండో చర్చి పది మైళ్ల లోపే ఉండాలన్నారు, అయితే అంతకుముందు నుంచి ఉన్నవాళ్ల జోలికి పోలేదు. ఈయన ఉన్నది ఎసెక్స్‌లోనే, రివెన్‌హాల్ ప్లేస్ అనే పెద్ద ఇంట్లో. 1843లో లండన్ రైలు విథమ్ మీదుగా కోల్చెస్టర్ దాకా వచ్చాక రాకపోకలు తేలికయ్యుంటాయి.

కార్న్‌హిల్ చర్చి చూడాలనుకుంటే లెడెన్‌హాల్ మార్కెట్‌కి ఆనుకునే ఉంటుంది. లండన్ అగ్నిప్రమాదం తర్వాత క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి కట్టించినది. క్రీ.శ. 179లో లూసియస్ అనే రాజు ఆ చర్చిని స్థాపించాడని లోపల ఒక ఫలకం కూడా ఉంది. నమ్మేవాళ్లు తక్కువే, తీసేసేవాళ్లూ లేరు. మన స్థలపురాణాల్లాంటిదే. ఈయన రెక్టర్‌గా ఉన్న కాలంలోనే, 1840లో, జర్మన్ సంగీతకారుడు మెండెల్సన్ వచ్చి అక్కడి ఆర్గన్ వాయించి వెళ్లాడు.

క్రెస్సింగ్ గురించి అడిగితే మాత్రం నేను ఆపను. అటు వెళ్లేవాళ్లంతా పక్కనున్న, టెంప్లర్లనే క్రైస్తవ యోధుల కాలం నాటి చెక్క ధాన్యపు కొట్టాల కోసం వెళతారు. ఎనిమిది వందల ఏళ్ల దూలాలు, కింద నిలబడితే బోర్లించిన ఓడ కడుపులో ఉన్నట్టుంటుంది. చర్చికి వెళ్లేవాళ్లు తక్కువ. నేను మొదటిసారి వెళ్లింది ఫిబ్రవరిలో. తుంపర. సమాధిరాళ్ల మీద నాచు పట్టి ‘వుడ్’ అనే పేరు చేత్తో తడిమితే గానీ తెలియలేదు. తీరా అది వేరే వుడ్ కుటుంబం, ఊరి రైతులు. బిరుదున్న పేరొకటి పట్టుకుని వెళ్లినప్పుడల్లా ముందు అదే పేరున్న మామూలు మనుషులే ఎదురవుతారు. ఈ పనిలో ఇది రోజూ ఉండేదే.

పాదిరీకి పెళ్లి, పిల్లలు. ఇంగ్లండ్ చర్చిలో పాదిరీల పెళ్లిని మొదట చట్టబద్ధం చేసింది 1549లో. బ్రహ్మచర్యం నియమం కాథలిక్ ఫాదర్లకు. అందుకే ఈయన్ని తెలుగులో ‘ఫాదర్’ అని రాయకండి. పాదిరీ అనో, రెవరెండ్ అనో రాయండి.

భార్య ఎమ్మా మిషెల్. పోర్చుగల్ నౌకాదళంలో అడ్మిరల్‌గా చేసిన సాంప్సన్ మిషెల్ కూతురు. బొమ్మలు వేసేది, నడివయసు దాటాక నవలలూ రాసి అచ్చువేయించింది. పదముగ్గురు పిల్లల్లో కొందరు చిన్నతనంలోనే పోయారు. మిగిలినవాళ్లలో లోకానికి బాగా తెలిసినవాళ్లు ఇద్దరు: ఈవ్లిన్ అనే కొడుకు, ఆఖరి సంతానమైన కాథరిన్. ఈవ్లిన్ మన దగ్గర ఆడపిల్ల పేరులా వినిపిస్తుంది గానీ, అప్పట్లో మగపిల్లలకీ పెట్టేవారు. రికార్డుల్లో ఈ పేరు చూసి ఆడమనిషి అనుకుని నేనే ఒకసారి సగం రోజు పాడుచేసుకున్నాను.

ఈవ్లిన్ 1838లో క్రెస్సింగ్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే నేవీలో చేరి, మేనమామ కెప్టెన్‌గా ఉన్న ఓడ ఎక్కాడు. 1855 జూన్ 18న క్రిమియా యుద్ధంలో కోటగోడ మీదికి నిచ్చెన మోసుకెళుతూ చేతికి గుండు తగిలింది. తర్వాత సైన్యంలోకి మారి, టర్కీలోని స్కుటారి ఆసుపత్రిలో జ్వరంతో చావుబతుకుల మధ్య ఉంటే తల్లి ఎమ్మా ఇంగ్లండ్ నుంచి బయల్దేరి వెళ్లి దగ్గరుండి చూసుకుంది. పదముగ్గురిని కన్న పల్లెటూరి పాదిరీ భార్య, ఆ రోజుల్లో, యుద్ధం జరుగుతున్న చోటికి. ఈ ఇంట్లో నాకు ఎక్కువ నచ్చిన మనిషి ఆవిడే.

మనదేశంతో ఈ కుటుంబానికి ఉన్న అసలు ముడి కూడా ఈవ్లినే. 1857 తిరుగుబాటును అణచడానికి వచ్చిన బ్రిటిష్ సైన్యంలో 17వ లాన్సర్స్ అనే గుర్రపుదళంతో మధ్యభారతంలో తిరిగాడు. 1858 అక్టోబర్ 19న సింద్వాహో దగ్గర తిరుగుబాటుదారుల గుంపు మీదికి దాదాపు ఒంటరిగా దూకినందుకూ, మరుసటి ఏడాది డిసెంబర్‌లో సింధోరా దగ్గర బందిపోట్లు ఎత్తుకెళ్లిన ఒక స్థానికుణ్ణి అడవిలోంచి విడిపించినందుకూ బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం, విక్టోరియా క్రాస్ వచ్చింది. మన దృష్టితో చదివితే ‘తిరుగుబాటుదారులు’ అన్న మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. వాళ్ల కాగితాల్లో ఆ మాటే ఉంటుంది, నేను ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆ రోజుల్లోనే పందెం కోసం ఒక జిరాఫీ ఎక్కి, కిందపడి, ముఖం పచ్చడి చేసుకున్నాడు. చివరికి 1903లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు.

సర్ జాన్ తమ్ముడు విలియం లాయర్. 1868లో లార్డ్ చాన్సలర్ (దేశంలో అతిపెద్ద న్యాయ పదవి) అయ్యి, లార్డ్ హాథర్లీ అనే పేరుతో లార్డ్స్ సభలో కూర్చున్నాడు. అంత పదవిలో ఉండీ ఆదివారాలు వీధి చర్చిలో పిల్లలకు సండే స్కూల్ చెప్పడం మానలేదు. ఆయనకు పిల్లల్లేరు, ఆ బిరుదు ఆయనతోనే పోయింది.

ఇక్కడ మీరడగని సంగతి ఒకటి. సర్ జాన్ తండ్రి ఎంపీ, చిన్నాన్న బెంజమిన్ ఎంపీ, తమ్ముళ్లు విలియం, వెస్టర్న్ ఇద్దరూ ఎంపీలు. ఇంటి పెద్దకొడుకు, రాజకీయమంటే చెవికోసుకునే మనిషి, ఎసెక్స్‌లో లిబరల్ పార్టీ తరఫున ఎన్నికల్లో తిరిగిన మనిషి మాత్రం ఎంపీ కాలేకపోయాడు. ఎందుకంటే 1801 చట్టం ప్రకారం పాదిరీ కామన్స్ సభకు పోటీ చేయకూడదు. ఆ చట్టం 2001 దాకా ఉంది. పోనీ లార్డ్స్ సభా? బారోనెట్‌కు అందులో సీటు లేదు, బిషప్ అయితేనే. ‘రెవరెండ్ సర్’ అన్న రెండు మాటలు పేరుకు బరువేగానీ, పార్లమెంటులో ఏ తలుపూ తీయవు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆయన జీవితం చాలావరకు అర్థమవుతుందని నాకనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. 1843లో మాథ్యూ పోగానే జాన్ రెండో బారోనెట్ అయ్యాడు. మాథ్యూ చివరి ఏళ్లలో ఆస్తి గొడవొకటి నడిచింది. గ్లౌసెస్టర్‌లో జేమ్స్ వుడ్ అని, పిసినారితనానికి పేరు మోసిన బ్యాంకరు 1836లో చనిపోయాడు. ఆయన వీలునామా అమలు చేయాల్సినవాళ్లలో మాథ్యూ ఒకడు. ఇంతలో కొంత కాలిన అనుబంధ వీలునామా ఒకటి ఎక్కడినుంచో బయటపడింది. ఇక కేసు ఏళ్ల తరబడి సాగింది, చివరికి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. లాయర్ల పొట్ట నింపిన ఆస్తుల్లో అదొకటి.

1866 ఫిబ్రవరిలో సర్ జాన్, బెల్‌హస్ అనే భవంతిలో, కూతురి ఇంట్లో చనిపోయాడు. అప్పట్లో పాదిరీ పోయిన రోజే చర్చి ఆదాయం ఆగిపోయేది. పెన్షన్ లేదు, భార్యకు వాటా లేదు. దశమభాగం, మాన్యం అన్నీ తర్వాత వచ్చే పాదిరీవి. అంతేకాదు, పాదిరీ నివాసానికి మరమ్మతులు మిగిలుంటే ఆ ఖర్చు పోయినాయన కుటుంబం కట్టాల్సివచ్చేది. నేను చదివిన పాదిరీ వితంతువుల ఉత్తరాల్లో ఏడుపుకన్నా ఈ మరమ్మతుల లెక్కలే ఎక్కువ. బిరుదు కొడుకు ఫ్రాన్సిస్‌కు వెళ్లింది. తల్లికి మిగిలింది ‘లేడీ వుడ్’ అన్న పిలుపు.

అప్పుడు ఆదుకున్నది మీరన్న పెద్దమ్మ. ఎమ్మాకు అక్క, పేరు మరియా. సర్ జాన్ చిన్నాన్న బెంజమిన్‌ను పెళ్లాడింది. అంటే కాథరిన్‌కు ఆవిడ తల్లి వైపు పెద్దమ్మ, తండ్రి వైపు చిన్ననాయనమ్మ. ఇంగ్లిషులో రెండింటికీ కలిపి ‘ఆంట్ బెన్’ అని సరిపెట్టేశారు, మనకు ఆ సౌకర్యం లేదు. ఆవిడ భర్త పోయాక లండన్ శివార్లలో ఎల్తమ్‌లో ఒంటరిగా ఉండేది. పుస్తకాలు చదివి వినిపించడానికి పేరున్న నవలాకారుణ్ణే డబ్బిచ్చి వారానికోసారి రప్పించుకునేది. చెల్లెలికి ఏటా కొంత ఏర్పాటు చేసింది. తండ్రి పోయిన ఏడాది తిరక్కుండానే, 1867 జనవరిలో, కాథరిన్ కెప్టెన్ ఓషేను పెళ్లాడింది. అతని గుర్రాల వ్యాపారం మునిగింది, అప్పులయ్యాయి. 1875లో పెద్దమ్మ, నా దగ్గరుండు, నీ సంసారం నేను చూసుకుంటానంది. ఎల్తమ్‌లోనే ఇల్లు కొనిచ్చింది. తర్వాత కాథరిన్‌తో సంబంధం కలిశాక పార్నెల్ వచ్చిపోయింది ఆ ఇంటికే.

1889 మే నెలలో, తొంభై దాటాక, ఆవిడ పోయింది. సుమారు 1,44,000 పౌండ్లు కాథరిన్‌కు రాసింది, ఓషే చెయ్యి పడకుండా. ఫీల్డ్ మార్షల్ కాబోయే ఈవ్లిన్‌తో సహా తోబుట్టువులు ఆ వీలునామా మీద కోర్టుకెక్కారు. అంతకుముందే ఆవిడకు మతి సరిగా లేదని నిరూపించబోయారు కూడా, డాక్టరు వచ్చి చూసి బాగానే ఉందన్నాడు. అదే ఏడాది డిసెంబర్ 24న ఓషే విడాకుల దావా వేశాడు. అన్నాళ్లూ నోరు మెదపనివాడు వాటా దక్కదని తేలాకే కదిలాడని చాలామంది చరిత్రకారుల లెక్క. జవాబుగా కాథరిన్, అతనికి తన సొంత అక్కతో సంబంధం ఉందని కోర్టు కాగితాల్లో రాయించింది. 1890 నవంబర్‌లో విడాకులు మంజూరయ్యాయి, పార్నెల్ పార్టీ చీలిపోయింది. 1891 జూన్ 25న ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అక్టోబర్ 6న పార్నెల్ పోయాడు, నలభై అయిదేళ్లకే.

కాబట్టి ‘అంత బిరుదున్నవాళ్లు’ అన్న మీ మాట దగ్గరే సవరణ కావాలి. బిరుదు ఫ్రాన్సిస్ దగ్గర, జీతం తర్వాతి పాదిరీ దగ్గర, డబ్బు పెద్దమ్మ దగ్గర. మిగతా అందరూ ఈ మూడింటి మధ్య తిరిగినవాళ్లే.

అనువాదంలో జారిపడే చోట్లు కొన్ని. నేనూ జారినవే.

‘రెవరెండ్ సర్ జాన్’ అనండి, ‘సర్ జాన్’ అనండి. ‘సర్ వుడ్’ అని ఎప్పుడూ రాయకండి, సర్ తర్వాత రావాల్సింది సొంత పేరు. ‘సర్ రెవరెండ్’ కూడా తప్పే, చర్చి హోదా ముందు వస్తుంది.

భార్య ‘లేడీ వుడ్’. ‘లేడీ ఎమ్మా’ కాదు. లేడీ పక్కన సొంత పేరు వస్తే ఎర్ల్ (బారోనెట్‌కన్నా పై స్థాయి ప్రభువు) లేదా అంతకు పైవాళ్ల కూతురని అర్థం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బారోనెట్ భార్య పేరు నేను ఇలాగే తప్పు రాసి కేటలాగులో ఎక్కించేశాను. మా పెద్దాయన ఏమీ అనకుండా పెన్సిలుతో కొట్టేసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి తిరిగిచ్చాడు. ఇప్పటికీ గుర్తుంది. కూతుళ్లకు ఏ బిరుదూ ఉండదు. పెళ్లికి ముందు కాథరిన్ ఉత్త మిస్ వుడ్, అంతే.

‘రెవరెండ్ లార్డ్’ అనో, ‘రెవరెండ్ అండ్ ఆనరబుల్’ అనో కనిపిస్తే కథ వేరు. మొదటిది డ్యూక్ లేదా మార్క్విస్ చిన్నకొడుకు, రెండోది ఎర్ల్ చిన్నకొడుకో, వైకౌంట్, బేరన్‌ల కొడుకో అయ్యుంటాడు. పెద్దవాడికి ఎస్టేటు, చిన్నవాడికి చర్చి అన్న పద్ధతి అది. ఒక్కోసారి అన్నలు వరసగా పోయి, చర్చికి పంపిన చిన్నవాడికే అంతా వచ్చిపడుతుంది. డెరీ బిషప్ ఫ్రెడరిక్ హెర్వీకి 1779లో అదే జరిగింది. ఇద్దరన్నలు పోయి బ్రిస్టల్ ఎర్ల్ అయ్యాడు, బిషప్ పదవీ వదల్లేదు. యూరప్ అంతా తిరిగి ఆయన పెట్టిన ఖర్చుకే ఊరూరా హోటళ్లకు బ్రిస్టల్ పేరు వచ్చిందంటారు. ఆయన గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ్టికి అవదు.

1530లకు ముందటి కాగితాల్లో పాదిరీ పేరు ముందు ‘సర్’ ఉంటే దానికి పైదేదీ వర్తించదు. అప్పట్లో డిగ్రీ లేని మామూలు ఊరి పాదిరీని కూడా మర్యాదకు ‘సర్’ అనేవారు, మనం ఎవరినైనా ‘గారు’ అన్నట్టు. ఒకాయన తన ముత్తాతల్లో నైట్ ఉన్నాడని బంధువులందరికీ కార్డులు కూడా అచ్చువేయించాక నా దగ్గరికి వచ్చాడు. ఆ ‘సర్’ ఇదే. టీ ఇచ్చి, మెల్లగా చెప్పాను.

చివరగా, మీ వ్యాసంలో ‘కిట్టీ’ అని ఉంటే తీసేయండి. ఇంట్లో ఆవిణ్ణి ఎవరూ అలా పిలవలేదు. అప్పటి వాడుకలో ఆ పేరుకు నీతి లేని ఆడమనిషి అన్న ధ్వని కూడా ఉండేది. పార్నెల్ శత్రువులు అందుకే ఎంచుకుని అంటించారు, అది ఊడలేదు. కాథరిన్ అని రాయండి.